వేడెక్కాక సెల్ఫ్ తీసుకోని పాత కారు: లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

గోదావరి_గట్టు, తణుకు
ఏప్రిల్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2006 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఉంది. 1.1 లీటర్ ఇంజిన్, ఇంజెక్షన్ బండి, మాన్యువల్ గేర్లు. మా నాన్నగారు కొన్నది. 2021లో పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకు పొడిగించుకున్నాం. అమ్మే ఆలోచన లేదు.

సమస్య ఇదీ. పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఓ అరగంట తిరిగి, పెట్రోలు బంకులోనో కూరగాయల మార్కెట్ దగ్గరో ఆపి, పది పదిహేను నిమిషాలయ్యాక తాళం తిప్పితే ఏమీ జరగదు. ఒక్కోసారి బానెట్ లోపల సన్నగా 'టక్' అని ఒక్క చప్పుడు. ఒక్కోసారి అదీ ఉండదు. డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. బానెట్ ఎత్తి అరగంట ఆగితే ఏ ఇబ్బందీ లేకుండా స్టార్ట్ అవుతుంది. ఎవరైనా తోస్తే రెండో గేరులో వెంటనే అందుకుంటుంది. పోనీ రోజూ ఇలాగే ఉంటుందా అంటే అదీ లేదు.

బ్యాటరీ కొత్తది వేశారు. తగ్గలేదు. తర్వాత సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు, బుష్‌లు మార్చారు. అయినా అంతే. మెకానిక్ వచ్చేసరికి బండి చల్లబడి స్టార్ట్ అయిపోతుంది, ఇక ఆయన చూడటానికి ఏమీ మిగలదు. మొన్న అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళి వస్తుంటే మిట్టమధ్యాహ్నం ఎండలో ఇరుక్కుపోయాం. ఆవిడకు డెబ్బై దాటాయి. అప్పటినుంచి బండి బయటికి తీయాలంటేనే టెన్షన్. ఈసారి ఏదైనా మార్చేముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

పాతబండి_ప్రాణం, కరీంనగర్
ఏప్రిల్ 6, రాత్రి 10:15

అన్నా, వేడి మీద స్టార్ట్ కాకపోతే నూటికి తొంభై సార్లు క్రాంక్ సెన్సరే (ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది). ఇంజిన్ వేడికి లోపలి కాయిల్ తెగినట్టయి, చల్లబడ్డాక మళ్ళీ కలుస్తుంది. మా బావ బండికి అచ్చం ఇట్లనే అయింది. అది మార్చి చూడండి.

తీరం_వాసి, విశాఖపట్నం
ఏప్రిల్ 6, రాత్రి 10:32

ముందు బ్యాటరీ టెర్మినల్స్ చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే మైనస్ టెర్మినల్ మొదట విప్పి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక బిగించి వాజిలిన్ రాయండి. బిగించేటప్పుడు మైనస్ చివర. కొత్త బ్యాటరీ వేసినవాళ్ళు పాత క్లాంపు గీరకుండానే తగిలించేస్తుంటారు. చేత్తో తిప్పితే కదిలిందంటే అది వదులుగా ఉన్నట్టే.

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 7, ఉదయం 6:05

బాబూ, ఇంజిన్ తిరగకపోవడం వేరు, తిరుగుతూ అందుకోకపోవడం వేరు. ఈ రెండూ కలిపేస్తే లోపం ఎప్పటికీ దొరకదు. క్రాంక్ సెన్సర్, ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్లు... ఇవన్నీ సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోని బండికి చూడాల్సినవి. నీ బండిలో సెల్ఫే తిరగడం లేదు. పైగా తోస్తే వెంటనే అందుకుంటోంది. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పు పడుతోంది, సెన్సర్ పనిచేస్తోంది. కరీంనగర్ తమ్ముడు చెప్పిన సెన్సర్ లోపం నిజంగా ఉండేదే, కానీ ఈ బండిది అది కాదు.

మిగిలింది సెల్ఫ్ సర్క్యూట్. దానిలో రెండు దారులు ఉంటాయి. లావు వైరు బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటారు మీదుండే కరెంటు అయస్కాంతం) బోల్టుకు వస్తుంది. సన్న వైరు తాళం స్విచ్ నుంచి వస్తుంది. నువ్వు తాళం తిప్పితే సన్న వైరులో కరెంటు వచ్చి, సోలెనాయిడ్ లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ ఒక పక్క బెండిక్స్ (సెల్ఫ్ మోటారు కొసన ఉండే చిన్న పళ్ళ చక్రం) పళ్ళను ఇంజిన్ ఫ్లైవీల్ రింగుకు తగిలిస్తుంది, రెండో పక్క రాగి బిళ్ళతో లావు కాంటాక్టులు రెంటినీ కలుపుతుంది. అప్పుడుగానీ మోటారుకు అసలు కరెంటు అందదు. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కు అది వంద ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ కరెంటంతా ఇంజిన్ బాడీ మీదుగా, ఎర్త్ వైరు మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి.

ఇప్పుడు చప్పుడు సంగతి. 'టకటకటక' అని వేగంగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్ అయినా అయి ఉండాలి, టెర్మినల్ అయినా వదులై ఉండాలి. గట్టిగా ఒకే ఒక్క 'టక్' వచ్చి ఆగిపోతే కడ్డీ కదిలింది గానీ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి, లేదా కార్బన్లు అరిగాయి, లేదా లావు దారిలో ఎక్కడో అడ్డం ఉంది. చప్పుడే లేకపోయినా, నువ్వన్నట్టు సన్నగా నీరసంగా వచ్చినా, సన్న వైరు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఒక్క సంగతి చూసి చెప్పు. స్టార్ట్ కానప్పుడు కారు లోపల పైన ఉండే దీపం వేసి, తాళం తిప్పి పట్టుకో. దీపం బాగా మసకబారుతోందా, అలాగే వెలుగుతోందా? హెడ్‌లైట్లు చూడొద్దు, కొన్ని బండ్లలో తాళం స్టార్ట్‌కు తిప్పగానే అవి వాటంతట అవే ఆగుతాయి.

గోదావరి_గట్టు, తణుకు
ఏప్రిల్ 9, రాత్రి 8:20

బాబాయ్ గారూ, ఇవాళ మార్కెట్ దగ్గర మళ్ళీ ఆగింది. మీరు చెప్పినట్టు లోపలి దీపం వేసి చూశాను. తాళం తిప్పితే దీపం కాస్త, చాలా కొద్దిగా తగ్గింది. మసకబారిపోవడం లేదు. చప్పుడు సన్నగా ఒక్కటే. టెర్మినల్స్ శుభ్రంగా గట్టిగానే ఉన్నాయి, తీరం వాసి గారు చెప్పాక విప్పి గీరి మళ్ళీ బిగించాను.

పాతబండి_ప్రాణం, కరీంనగర్
ఏప్రిల్ 9, రాత్రి 8:55

బాబాయ్ చెప్పింది నిజమే, సెల్ఫ్ తిరుగుతలేదు అన్న ముచ్చట నేను సరిగ్గ పట్టించుకోలేదు. అన్నా, ఇది ఏ కంపెనీ బండి? మోడల్ తెలిస్తే సెల్ఫ్ ఎక్కడ ఉంటదో చెప్పొచ్చు.

గోదావరి_గట్టు, తణుకు
ఏప్రిల్ 9, రాత్రి 9:10

తమ్ముడూ, కంపెనీ పేరు కావాలనే రాయలేదు. ఇన్నేళ్ళు నడిచిన బండిలో వచ్చిన అరుగుదలకు వాళ్ళను అనడం న్యాయం కాదు. సెల్ఫ్ ఇంజిన్‌కు ముందు పక్క ఉంది, పైనుంచి చెయ్యి పడుతుంది.

తీరం_వాసి, విశాఖపట్నం
ఏప్రిల్ 9, రాత్రి 9:48

అయితే ఇంజిన్ ఎర్త్ కూడా ఒకసారి చూడాలి. మా దగ్గర సముద్రపు గాలికి మొదట పోయేది అదే. నా పాత కారుకు కొన్నాళ్ళు ఇలాగే సెల్ఫ్ బరువుగా తిరిగేది, ఒక్కోసారి అసలు తిరిగేది కాదు. ఒకరోజు క్లచ్ కేబుల్ మీద చెయ్యి పడితే కాలింది. ఇంజిన్ నుంచి బాడీకి ఉండే ఎర్త్ పట్టీ బోల్టు కింద పూర్తిగా తుప్పు పట్టింది. దారి మూసుకుపోయేసరికి సెల్ఫ్ కరెంటంతా క్లచ్ కేబుల్ మీదుగా పోతోంది. అలాగే వదిలేస్తే కేబుల్ లోపలి ప్లాస్టిక్ కరిగి క్లచ్ పట్టేసేది. గీరి, కొత్త పట్టీ వేయించాక మళ్ళీ ఆ సమస్య లేదు.

మీ దీపం మసకబారడం లేదంటే ఎర్త్ తెగి ఉండొచ్చని కూడా అనుకోవచ్చు కదా బాబాయ్? కరెంటే పారకపోతే దీపం ఎందుకు తగ్గుతుంది?

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 10, ఉదయం 5:50

మంచి ప్రశ్న వేశావు. ఎర్త్ పోయినా దీపం తగ్గదు, సన్న వైరులో లోపమున్నా తగ్గదు. రెంటినీ విడదీయాలంటే మీటరు కావాలి. డిజిటల్ మల్టీమీటర్ చవకది చాలు.

మీటరు పట్టుకున్నవాళ్ళు చాలామంది బ్యాటరీ మీద పెట్టి 12.6 చూపిస్తే అంతా బాగుందనుకుంటారు. కరెంటు పారనప్పుడు వోల్టులు ఏమీ చెప్పవు. పైపులో చెత్త అడ్డం పడినా కొళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పినప్పుడే ధార సన్నబడుతుంది. అందుకని ఏ కొలతైనా తాళం తిప్పి పట్టుకున్నప్పుడే, అదీ బండి మొరాయిస్తున్న వేళే తీసుకోవాలి.

నీ బండి మెకానిక్ దగ్గర మొరాయించదు కాబట్టి మీటరును బండిలోనే సిద్ధంగా పెట్టుకో. సోలెనాయిడ్ సన్న వైరు కనెక్టరు వెనకనుంచి సన్నని పిన్ను దూర్చి, దానికి పొడుగాటి వైరు కట్టి, మొదట్లోనే ఒక ఆంపియర్ ఫ్యూజు పెట్టి, రబ్బరు బుష్ గుండా కారు లోపలికి తెచ్చుకో. వైరు బెల్టుకు, ఫ్యానుకు, సైలెన్సర్ పైపుకు తగలకుండా కట్టాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఇంకోటి, మైనస్ నుంచి ఒకటి, ఇంజిన్ బాడీ మీద శుభ్రంగా గీరిన బోల్టు నుంచి ఒకటి అలాగే తెచ్చుకో. ప్లస్ వైరుకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ఆగిపోయినప్పుడు తాళం తిప్పి పట్టుకుని ఈ మూడు అంకెలు రాసుకో:

బ్యాటరీ ప్లస్‌కు, మైనస్‌కు మధ్య ఎంత.
ఇంజిన్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య ఎంత.
సన్న వైరుకు, ఇంజిన్ బాడీకి మధ్య ఎంత.

గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఇంజిన్ వేడిగా ఉంటే కొన్ని బండ్లలో తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, చేతులు జాగ్రత్త. స్క్రూడ్రైవర్‌తో సోలెనాయిడ్ బోల్టులు కలిపి స్టార్ట్ చేయమని ఎవరైనా చెబితే చేయకు. గేరులో ఉన్న బండి అలా స్టార్ట్ అయి ముందున్న మనిషి మీదికి పోతుంది.

మీటరు లేనివాళ్ళు ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బు ఒకటి సన్న వైరుకు, ఎర్త్‌కు మధ్య కట్టి చూడొచ్చు. తాళం తిప్పినప్పుడు తెల్లగా వెలగాలి. ఎర్రగా మిణుకుమంటే ఆ దారిలో లోపం ఉన్నట్టే.

బడి_టీచరమ్మ, నల్గొండ
ఏప్రిల్ 10, సాయంత్రం 5:30

గురువుగారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది 1998 నాటి కార్బొరేటర్ కారు. ఎండాకాలంలో ఆపి మళ్ళీ తీస్తే సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, కానీ ఇంజిన్ అందుకోదు. ఇరవై నిమిషాలాగితే అందుకుంటుంది. మీరు చెప్పిన రెండో రకం ఇదేనా?

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 10, రాత్రి 7:45

అవునమ్మా, ఇది రెండో రకమే. కార్బొరేటర్ బండిలో వేడికి రెండు విధాలుగా ఇబ్బంది వస్తుంది, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. ఇంజిన్ మీదున్న పంపులోనో పైపులోనో పెట్రోలు ఆవిరై పోతే పంపు ఆ ఆవిరినే నమిలి, పెట్రోలును పైకి తోయలేదు. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి ఇంజిన్‌లోకి కారిపోతే ప్లగ్గులు తడిసి నిప్పు పడదు.

ముక్కుతో తేల్చొచ్చు. బానెట్ ఎత్తగానే ఘాటుగా పెట్రోలు వాసన వస్తే ఎక్కువైనట్టు. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టు, మాటిమాటికీ తొక్కి వదలకూడదు, అలా తొక్కితే పెట్రోలు ఇంకా పడుతుంది. వాసన లేకపోతే ఆవిరి. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేసి నాలుగైదు నిమిషాలాగి చూడు. వెంటనే అందుకుంటే అదే కారణం. అప్పుడు పెట్రోలు పైపు ఇంజిన్‌కు ఆనుకుని పోతోందేమో, పంపు కింద ఉండాల్సిన వేడి ఆపే దళసరి ప్యాకింగ్ ఉందో లేదో చూడమని మీ మెకానిక్‌తో చెప్పు. పంపు మార్చినప్పుడు ఆ ప్యాకింగ్ వదిలేస్తుంటారు.

రెండూ కాకపోతే ఇగ్నిషన్ కాయిల్. స్టార్ట్ కాని వేళ ఒక ప్లగ్ వైరు పీకి, విడి ప్లగ్గు తగిలించి, ఇంజిన్‌కు ఆనించి చూస్తే నిప్పు పడుతోందో లేదో తెలుస్తుంది. పెట్రోలు వాసన ఉన్నచోట మాత్రం ఆ పని చేయొద్దు.

పాతబండి_ప్రాణం, కరీంనగర్
ఏప్రిల్ 10, రాత్రి 8:30

టీచర్ గారూ, ఇదే సమస్య ఇంజెక్షన్ బండికి వస్తే చూసేవి వేరే ఉంటాయి, ఎవరికైనా పనికొస్తదని రాస్తున్న. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు 'జుయ్' మని పంపు చప్పుడు రావాలి. రాకపోతే పంపు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజు, పంపు వైరింగ్ చూడాలె. పంపు చప్పుడు వచ్చి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు అసలే కదలకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం. డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు కొట్టుకుంటుంటే ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) తాళాన్ని గుర్తుపడతలేదు, చిప్ ఉన్న రెండు తాళాలు ఒకే రింగులో ఉన్నా అట్లయితది, విడదీసి చూడండి.

చికాగో_తెలుగబ్బాయి
ఏప్రిల్ 11, ఉదయం 7:10

ఆటోమేటిక్ గేర్ల బండి ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ నా పాత కారు పార్కింగ్‌లో ఉంటే చప్పుడు లేకుండా ఉండిపోయేది, న్యూట్రల్‌లో పెట్టి తిప్పితే స్టార్ట్ అయ్యేది. గేరు దగ్గరుండే సేఫ్టీ స్విచ్ అరిగింది. అది కూడా ఈ సన్న వైరు దారిలోనే ఉంటుంది. కొన్ని మాన్యువల్ బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర ఇలాంటి స్విచ్చే ఉంటుంది, క్లచ్ పూర్తిగా తొక్కితేగానీ సెల్ఫ్ తీసుకోదు. గోదావరి గట్టు గారి బండికి ఉందేమో చూడండి.

గోదావరి_గట్టు, తణుకు
ఏప్రిల్ 11, రాత్రి 9:00

నా బండికి క్లచ్ స్విచ్ లేదండి, క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తీసుకుంటుంది. బాబాయ్ గారు చెప్పినట్టు వైర్లు లాగి కట్టాం, మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడు సాయం చేశాడు. మీటరు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని తిరుగుతున్నాను.

గోదావరి_గట్టు, తణుకు
ఏప్రిల్ 15, సాయంత్రం 6:40

దొరికింది! అంటే అంకెలు దొరికాయి. ఇవాళ రావులపాలెం వెళ్ళి వచ్చే దారిలో టీ కోసం ఆపితే మొరాయించింది. తాళం తిప్పి పట్టుకుని చూసినవి:

బ్యాటరీ మీద 12.2.
ఇంజిన్ బాడీకి, బ్యాటరీ మైనస్‌కు మధ్య దాదాపు సున్నా.
సన్న వైరు దగ్గర 7.3.

అనుమానం తీరడానికి నిన్న పొద్దున చల్లగా ఉన్నప్పుడు, చక్కగా సెల్ఫ్ తిరుగుతుండగా కూడా చూశాను. బ్యాటరీ మీద 10.6, సన్న వైరు దగ్గర 9.0.

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 16, ఉదయం 6:00

చాలా బాగా చేశావు బాబూ. ఇక నీ బ్యాటరీని, సెల్ఫ్ మోటారును వదిలేయొచ్చు. బ్యాటరీ మీద 12.2 ఉంది, సన్న వైరుకు చేరేసరికి 7.3 మిగిలింది. దాదాపు 5 వోల్టులు దారిలోనే పోతున్నాయి. సగం వోల్టు పోతే సరే అనుకోవచ్చు, ఐదు పోతే సోలెనాయిడ్ కడ్డీని లాగే బలం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ఆ నీరసపు 'టక్'.

ఇంజిన్ బాడీ కొలత ఒకటి గుర్తుంచుకో. సెల్ఫ్ తిరగనప్పుడు ఎర్త్ మీద పెద్ద కరెంటు లేదు కాబట్టి సున్నా రావడం పూర్తి సాక్ష్యం కాదు. పొద్దున సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఇంకోసారి చూడు. 0.2 లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు.

పాతబండి_ప్రాణం, కరీంనగర్
ఏప్రిల్ 16, ఉదయం 9:20

బాబాయ్, నాకు ఒకటి అర్థమైతలేదు. స్విచ్‌లోనో వైరులోనో లోపం ఉంటే పొద్దున ఎట్ల స్టార్ట్ అవుతుంది? తాళం స్విచ్ ఇంజిన్ దగ్గర లేదు కదా, ఇంజిన్ వేడి దానికి తగలదు. పొద్దున తేడా ఒకటిన్నర వోల్టే ఉంది. ఇంజిన్ పక్కన ఉన్న కనెక్టరే వేడికి వదులవుతుందని నా అనుమానం.

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 16, రాత్రి 8:15

కనెక్టర్ అయినా కావచ్చు, కాదనను. కొలిస్తే తెలుస్తుంది. కానీ ఒక్క లోపంతోనే ఇదంతా జరగొచ్చు, ఎలాగో చూడు.

సోలెనాయిడ్‌లో రెండు రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఒకటి లాగడానికి, ఒకటి లాగాక పట్టుకోవడానికి. తాళం తిప్పిన క్షణంలో రెండూ కలిసి పది ఆంపియర్లకు పైనే తీసుకుంటాయి. కడ్డీ లోపలికి వెళ్ళి కాంటాక్టులు కలిశాక, లాగే చుట్టకు రెండు వైపులా ఒకే వోల్టేజి వచ్చి అది ఊరుకుంటుంది. పట్టుకునే చుట్ట ఒక్కటే పనిచేస్తుంది, దానికి కొద్ది ఆంపియర్లు చాలు. పొద్దున గోదావరి గట్టు చూసింది ఆ తర్వాతి అంకె. కొద్ది కరెంటుకే ఒకటిన్నర వోల్టు పోయిందంటే లోపం పొద్దున కూడా అక్కడే ఉంది. బండి మొరాయించినప్పుడు కడ్డీ లోపలికి వెళ్ళలేదు కాబట్టి పెద్ద కరెంటే పారుతూ ఉంది, అందుకే ఐదు వోల్టులు పోయాయి.

మరి వేడి సంగతి. సోలెనాయిడ్ ఇంజిన్‌కు అతుక్కుని ఉంటుంది. బండి ఆపిన తర్వాత గాలి తగలదు కాబట్టి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ వేడి దానికి ఇంకా ఎక్కుతుంది. రాగి తీగకు ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 100కు పోతే పావు వంతుకు పైగా పెరుగుతుంది. దానివల్ల కరెంటు తగ్గుతుంది, లాగే బలం కరెంటును బట్టే ఉంటుంది. దారి బాగున్న బండిలో ఆ తగ్గుదల లెక్కలోకి రాదు. దారిలోనే ఐదు వోల్టులు పోగొట్టుకున్న బండిలో అదే చాలు, కడ్డీ కదలదు.

ఇప్పుడు దారిని ముక్కలు చెయ్యాలి. బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్‌కు వచ్చే వైరు వరకు ఎంత పోతోంది, స్విచ్ లోపలికి వచ్చే పిన్నుకు, స్టార్ట్ పిన్నుకు మధ్య ఎంత, స్టార్ట్ పిన్ను నుంచి సోలెనాయిడ్ వరకు ఎంత. మూడూ మొరాయించినప్పుడే చూడాలి. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవరు విప్పితే స్విచ్ కనెక్టర్ కనిపిస్తుంది.

తీరం_వాసి, విశాఖపట్నం
ఏప్రిల్ 16, రాత్రి 9:05

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు బాబాయ్. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దని కూడా చేర్చండి.

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 16, రాత్రి 9:12

అవును, ముఖ్యమైన మాట. పసుపు కనెక్టర్లలో మీటరు పిన్ను పెట్టకూడదు.

గోదావరి_గట్టు, తణుకు
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 3:30

ఎయిర్‌బ్యాగ్ లేని మోడల్ నాది. ఎలక్ట్రీషియన్ కుర్రాడిని కూర్చోబెట్టుకుని మిట్టమధ్యాహ్నం కావాలనే తిప్పాను. రెండోసారి ఆపినప్పుడు మొరాయించింది. బ్యాటరీ నుంచి స్విచ్ వరకు 0.2, స్విచ్ మీద 4.4, స్విచ్ నుంచి సోలెనాయిడ్ వరకు 0.3. తాళం పట్టుకున్న కొద్ది సెకన్లకే స్విచ్ వెనక భాగం చేతికి వెచ్చగా తగిలింది.

పొద్దున ఎర్త్ కూడా చూశాను, సెల్ఫ్ తిరుగుతుంటే 0.1.

పాతబండి_ప్రాణం, కరీంనగర్
ఏప్రిల్ 22, సాయంత్రం 4:05

స్విచ్చే! కనెక్టర్ అన్న నా అనుమానం పోయింది. అన్నా, స్విచ్ మార్చే బదులు రిలే వేయించండి. రిలే కాయిల్ తీసుకునేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు, ఎంత అరిగిన స్విచ్ అయినా అది ఇవ్వగలదు. సోలెనాయిడ్‌కు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తది. ఖర్చు తక్కువ.

డిపో_బాబాయ్, విజయవాడ
ఏప్రిల్ 22, రాత్రి 7:30

రిలే మంచిదే, నేనూ చాలా బండ్లకు వేశాను. కానీ ఈ బండికి ముందు స్విచ్ మార్చాలి. స్విచ్‌లో స్టార్ట్ కాంటాక్టు ఒక్కటే ఉండదు. ఆన్ పొజిషన్ కాంటాక్టు నుంచే ఇంజిన్ కంప్యూటర్‌కు, కాయిల్‌కు, పంపు రిలేకు కరెంటు పోతుంది. ఒక కాంటాక్టు ఇంత కాలిందంటే పక్కది ఎలా ఉందో చూడకుండా వదిలేయకూడదు. రిలే వేస్తే స్టార్ట్ సమస్య కనబడకుండా పోతుంది, రేపు హైవే మీద ఎనభైలో పోతుంటే ఆన్ కాంటాక్టు వదిలేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. ఇంట్లో పెద్దావిడను ఎక్కించుకుని తిరిగే బండి.

చాలా బండ్లలో తాళం దూర్చే భాగం వేరు, వెనక ఎలక్ట్రికల్ స్విచ్ వేరు. రెండు స్క్రూలు విప్పితే వెనకది ఒక్కటే వస్తుంది, తాళాలు మార్చక్కర్లేదు. లాక్ సెట్టు మొత్తం కొనాలని ఎవరైనా అంటే ఈ సంగతి అడుగు.

గోదావరి_గట్టు, తణుకు
మే 3, రాత్రి 8:50

స్విచ్ వెనక భాగం విడిగా దొరికింది, బాబాయ్ గారు చెప్పినట్టే తాళాలు పాతవే ఉన్నాయి. పాత స్విచ్‌ను కుర్రాడు విప్పి చూపించాడు. స్టార్ట్ కాంటాక్టు నల్లగా కాలి, మధ్యలో గుంట పడింది. ఆన్ కాంటాక్టు మీద కూడా మచ్చలు మొదలయ్యాయి. దాన్ని చూశాక రిలేతో సరిపెట్టనందుకు మనసు నెమ్మదించింది.

ఇప్పుడు ఎండలో తిప్పి ఆపి, వేడి మీద సెల్ఫ్ తిరుగుతుండగా చూస్తే బ్యాటరీకి, సన్న వైరుకు తేడా 0.3. రోహిణి ఇంకా రాలేదు గానీ ఇక్కడ ఎండలు అప్పుడే మండిపోతున్నాయి, అయినా ఒక్కసారి కూడా మొరాయించలేదు. అమ్మను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చాను. బాబాయ్ గారికి, అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

బడి_టీచరమ్మ, నల్గొండ
మే 4, ఉదయం 7:15

మా బండి సంగతి కూడా చెప్పాలి. వాసన లేదు, తడిగుడ్డ వేస్తే వెంటనే అందుకుంది. పంపు కింద దళసరి ప్యాకింగ్ నిజంగానే లేదు, మామూలు కాగితం ప్యాకింగ్ ఉంది. సరైనది వేయించి, పైపును ఇంజిన్‌కు దూరంగా జరిపి కట్టించాను. ఇప్పుడు మధ్యాహ్నం కూడా బాగానే అందుకుంటోంది. ధన్యవాదాలు గురువుగారూ.

పాతబండి_ప్రాణం, కరీంనగర్
మే 4, ఉదయం 10:40

బాబాయ్, ఇదంతా చదివి నా బండికి కూడా కొలిచిన. స్విచ్ మీద 0.9 పోతుంది. స్విచ్ మారుస్తున్న, దాంతోపాటు రిలే కూడా పెడదామని ఉంది, కొత్త స్విచ్ ఎక్కువ కాలం వస్తదని. కనెక్షన్ ఎట్ల ఇయ్యాలె, ఎక్కడ బిగించాలె?

డిపో_బాబాయ్, విజయవాడ
మే 4, రాత్రి 8:00

నాలుగు పిన్నుల 12 వోల్ట్ రిలే తీసుకో, 30 ఆంపియర్లది. 30 నంబరు పిన్నుకు బ్యాటరీ ప్లస్, మధ్యలో బ్యాటరీకి దగ్గరగానే 30 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి సోలెనాయిడ్‌కు. స్విచ్ నుంచి వచ్చే పాత సన్న వైరును సోలెనాయిడ్ దగ్గర విప్పి 86కు ఇవ్వు. 85 ఎర్త్‌కు. 30, 87 వైర్లు నాలుగు చదరపు మిల్లీమీటర్లవి వాడు.

బిగించేది బ్యాటరీ పక్కన బాడీకి, పిన్నులు కిందికి ఉండేలా. అప్పుడు వాన నీళ్ళు లోపల నిలవవు. ఇంజిన్ మీద గానీ సైలెన్సర్ పక్కన గానీ పెట్టొద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్, అయ్యాక తేడా ఎంతొచ్చిందో కొలిచి ఇక్కడ రాయి.